ఏటవాలు కోత

మొన్న హైదరాబాదులో మా ఆడపడుచు మనవడి రిసెప్షన్లో చిన్న అపచారం జరిగింది. చేసింది నేనే. పిల్లలు పెద్దవాళ్ళ కంట పడకుండా ఓ మూల బల్ల మీద సీసాలు పెట్టుకున్నారు. పెద్దవాళ్ళంటే ముఖ్యంగా నేను. మోకాళ్ళ నొప్పితో కుర్చీ వెతుక్కుంటూ సరాసరి ఆ మూలకే పోయి కూర్చున్నాను. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు గబుక్కున సీసా మీద రుమాలు కప్పి, "ద్రాక్షరసం మామ్మ గారూ, పిల్లలు తాగేది" అన్నాడు.

"పిల్లలు తాగేదెలా అవుతుందిరా, కాబర్నే సావిన్యో అని రాసుంటే?" అన్నాను.

కోడిగుడ్డు కూడా వంటింటి గడప దాటనివ్వని కోమటింటి ముసలమ్మ నోట ఆ పేరు వినగానే వాళ్ళకి మత్తు దిగిపోయింది. నేను ఆగలేదు. ఆ కాయ చిన్నదనీ, తోలు మందమనీ, గుజ్జు తక్కువ గింజ ఎక్కువనీ చెప్పాను. నోట్లో పోసుకుంటే నాలుక మీద కరక్కాయ అరగదీసినట్టు వగరు పడుతుందనీ, కొత్త సారాయమైతే పచ్చిమిరప తొడిమ వాసన వేస్తుందనీ, ఏళ్ళ తరబడి దాస్తే ఆవకాయ ఊరినట్టు ఊరి మెత్తబడి, చెక్కిన పెన్సిలు వాసన వస్తుందనీ చెప్పాను. పుట్టిల్లు ఫ్రాన్సులో బోర్డో అని కూడా చెప్పాను. ఒకడు ఫోను తీసి సరిచూసుకుంటూ, "అన్నీ కరెక్టే. ఒక నల్ల ద్రాక్షా, ఒక తెల్ల ద్రాక్షా కలిసి పుట్టిన బిడ్డట ఇది" అన్నాడు. ఈ ఒక్క ముక్కా నాకు తెలియదు. నాకు చదువు చెప్పిన గురువు గారికీ తెలియదు. తెలిసుంటే తిరువూరులో ఆ పెళ్ళి ముచ్చట వినకుండా ఒక్కరు కూడా బతికి బయటపడేవారు కారు.

"ఎప్పుడు తాగారు మామ్మ గారూ?" అని అడిగారు. నేను తాగలేదు. మా గురువు గారూ తాగలేదు. ఆయన అయిదు పూటలా నమాజు చేసే మనిషి. పైగా అవి మద్యనిషేధం రోజులు. ఊళ్ళో దొరకని సారాయం గురించి, ముట్టని మనిషి, చూడని జనానికి పాఠాలు చెప్పేవారు. 

నేను విస్సన్నపేట నుంచి కొత్త కోడలిగా తిరువూరు వచ్చేనాటికి ఆయనది మా పక్కిల్లు. మధ్యన నడుమెత్తు గోడ. నేను ఆయన్ని బాబాయి గారూ అనేదాన్ని. బెజవాడ బస్సు తోలేవారు. స్టీరింగు మీద ఒక చెయ్యి, గాలిలో ఒక చెయ్యి. గాలిలో ఉన్న చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిన్న సున్నా చుట్టి, "కాయ ఇంతేనండీ, రేగిపండు కన్నా చిన్నది" అని వెనక్కి తిరిగి చూపించేవారు. "కాయ సంగతి తర్వాత, ముందు రోడ్డు చూడండి సార్" అని జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవారు. ఆ సున్నా ఆయన చేతికి అలవాటైపోయింది. టీ గ్లాసు పట్టుకున్నా, మా మామగారికి నమస్కారం పెట్టినా, ఆ రెండు వేళ్ళూ వాటంతటవే దగ్గరికి వచ్చేసేవి.

బస్సు దిగి ఇంటికి పోయే ముందు మా మామగారి కిరాణా కొట్టు దగ్గర ఆగేవారు. అక్కడ ఆయన పాఠానికి సామగ్రి దొరికేది. వగరంటే ఏమిటో నోటితో చెబితే ఎవరికి తెలుస్తుంది? అందుకని కొట్లో కరక్కాయ ముక్క తీసి దొరికినవాడి నోట్లో పెట్టేవారు. "నమలండి. చిగుళ్ళు బిగుసుకుంటున్నాయా? ఆఁ, అదీ కాబర్నే అంటే!" ఉప్పు కోసమో పప్పు కోసమో వచ్చిన పాపానికి సగం తిరువూరు కరక్కాయ నమిలింది. ఖాకీ చొక్కా మలుపు తిరగడం చూసి బేరం మధ్యలో వదిలి పారిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. "మా ఊరి దగ్గు తగ్గించింది డాక్టరు గారు కాదు, ఈయనే" అనేవారు మా మామగారు.

ఈ విద్య ఆయనకి ఎక్కడ అబ్బిందంటే యుద్ధంలో. లారీ తోలడానికి పట్టాళంలో చేరి, ఆఫ్రికా ఇసకలో శత్రువులకి పట్టుబడి, చేతులు మారి మారి చివరికి ఫ్రాన్సులో ఒక ముసలావిడ ద్రాక్ష తోటలో ఖైదీ కూలీగా తేలారట. ఆవిడ కొడుకులిద్దరూ యుద్ధానికి పోయారు. ఆవిడ భాష ఈయనకి రాదు, ఈయన భాష ఆవిడకి రాదు. మొక్క దగ్గర నిలబెట్టి చేత్తో చూపిస్తే ఈయన చేసేవారు. ఆవిడ సారాయం నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మేసి, బాగుందో బాగాలేదో ముఖంలో చూపించేదట. ఆ ముఖాలన్నీ బాబాయి గారు మాకు చేసి చూపించేవారు. యుద్ధం అయిపోయి పంపించేస్తున్నప్పుడు ఆవిడ ఆకు లేని ఒక ఎండుపుల్ల చేతిలో పెట్టి, ఇంటికి పో అన్నట్టు చెయ్యి ఊపింది. దాన్ని బంగాళదుంపలో గుచ్చి, తడి గోనెగుడ్డలో చుట్టి ఓడెక్కించారు ఈయన.

ఇక్కడ వాళ్ళమ్మ గారికి కొడుకు ఆచూకీ లేదని కబురొచ్చి ఏళ్ళు గడిచాయి. చుట్టాలు ఆశ వదులుకోమన్నారు. ఆవిడ వదులుకోలేదు. ఒకనాడు కొడుకు గుమ్మంలో నిలబడి, చేతిలో ఉన్న పుల్ల ముందుకి చాపాడు. "వాడి కంటే ముందు ఆ పుల్లనే పట్టుకున్నా అమ్మాయ్. అది పట్టుకున్నాకే వీడు నిజంగానే వచ్చాడని నమ్మకం కలిగింది" అని మామ్మ గారు నాతో గోడ మీదుగా ఎన్నిసార్లు చెప్పారో. నేను ఆవిడని మామ్మ గారూ అని పిలిచేదాన్ని. నమాజుకు ముందు ముఖమూ కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళన్నీ ఆ పుల్ల మొదట్లోకే పోయేలా చిన్న కాలువ చేయించారావిడ. అది చిగిర్చి, పెరిగి, పెరడంతా పందిరెక్కింది.

ఆకు అందమైనది. అయిదు పాయలుగా చీలి, ఆ చీలికలు ఒకదాని మీదొకటి వాలి, మధ్యలో కిటికీలు తెరిచినట్టు సందులుండేవి. "కాబర్నే అని గుర్తుపట్టడానికి ఆకు చాలమ్మాయ్" అనేవారు బాబాయి గారు. చాలక తప్పదు మరి, కాయ అన్నది ఎప్పుడూ కాయలేదు. నేను కాపురానికి వచ్చి మూడో వేసవి కూడా పందిరి నిండా ఆకులే. దాని కింద మామ్మ గారు మంచమేసుకుని పడుకునేవారు. బెజవాడ బజారులో తెల్ల ద్రాక్ష తిని వచ్చినవాళ్ళు మాత్రం, "మీ ఫ్రాన్సు నీడ బాగుంది సాయిబు గారూ, పండెప్పుడు?" అని అడిగి పోయేవారు.

కాయకపోవడానికి కారణం ఆయనకి తెలుసు. అదే నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు పొద్దున్నే పళ్ళు తోముకుంటున్న వేపపుల్ల గోడ మీద పెట్టి నాకు పాఠం చెప్పారు. "ద్రాక్ష కొత్త చిగురు మీదే కాస్తుంది. కత్తి పడందే కొత్త చిగురు గట్టిగా రాదు. కొమ్మ మొదట్లో ఈ బుడిపెలున్నాయే, ఇవి కళ్ళు. రెండు కళ్ళు ఉంచి, పైదంతా తీసెయ్యాలి. కోత ఏటవాలుగా ఉండాలి, నీళ్ళు జారిపోయేట్టు. దీపావళి వెళ్ళాక కోస్తే ఎండలు ముదిరేలోగా కాయ నల్లబడుతుంది."

"మరి కొయ్యరేం బాబాయి గారూ?"

ఆయన పందిరి వైపు చూశారు. దాని కింద మామ్మ గారు తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు.

ఒకసారి అడిగారట. ఫ్రాన్సు నుంచి తెచ్చిన వంకీ కత్తి చేత పట్టుకుని మరీ అడిగారట. "పచ్చటి తీగ మీద కత్తి పెడతావా? నిన్ను నా చేతికిచ్చిన తీగరా అది. దాన్ని నరికితే నన్ను నరికినట్టే" అని ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. ఊరు ఊరంతా కోతలు కోస్తాడన్నా నవ్వి ఊరుకునేవారు గానీ, మా అమ్మ కొయ్యనివ్వడం లేదని ఒక్కరితోనూ అనలేదు.

నవ్వి ఊరుకోలేని రోజొకటి వచ్చింది. వినగడపలో ఒక సంబంధం చూశారు ఆయనకి. వయసు ముదిరిపోతోందని మామ్మ గారి బెంగంతా అదే. అంతా కుదిరిందనుకుంటుండగా పిల్ల తండ్రి మా కొట్టుకే వచ్చి, మా మామగారిని మధ్యన పెట్టి, నీళ్ళు నమిలాడు. ఊళ్ళో ఎవరో చెప్పారట: ఈయన బొంబాయి దాటి పోలేదనీ, ఫ్రాన్సు లేదు గీన్సు లేదు, అన్నేళ్ళూ బొంబాయి జైల్లో ఉన్నాడనీ. ఆ తీగ కూడా ఏ హైదరాబాదు తోటలోనో పీక్కొచ్చిందేననీ.

బాబాయి గారు కొట్టు మెట్టు మీదే ఉన్నారు. నేను లోపలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేనెన్నడూ చూడలేదు. నెమ్మదిగా అన్నారు.

"హైదరాబాదు ద్రాక్ష తెల్లగా, లావుగా, తియ్యగా ఉంటుందండి. నా తీగకి కాస్తే నల్లగా, ఇంతే ఉండాలి. వగరుండాలి. గింజలుండాలి. అట్లా కాకపోతే నేను బొంబాయి దాటలేదనే అనుకోండి. పిల్లనివ్వకండి."

"కాస్తే కదండీ!" అన్నాడు పిల్ల తండ్రి. వచ్చే వేసవి దాకా చూస్తాననీ, ఆపైన తన దారి తనదేననీ చెప్పి వెళ్ళాడు.

ఆ దీపావళి వెళ్ళాక, మంచి ఎండవేళ, ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, చేతికర్రతో ఒకాయన పక్కింటి గుమ్మంలో నిలబడి, "ప్రొహిబిషన్ తనిఖీ!" అని అరిచాడు. వీధంతా పోగైంది. ఈ ఇంట్లో సారాయం తీసే ద్రాక్ష పెంచుతున్నారని ఫిర్యాదొచ్చిందనీ, తీగ కొట్టేయమని పైనుంచి ఆర్డరుందనీ చెప్పాడు. మామ్మ గారు పందిరి గుంజ కౌగిలించుకుని గొల్లుమన్నారు. "కాయే లేదు నాయనా, సారాయెక్కడిది!" అని ఆవిడ ఏడుస్తుంటే నాకూ కళ్ళనీళ్ళు తిరిగాయి. నేనే గోడ దాటి పోయి ఆవిడని పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాను.

అప్పుడు జవాను గారు గొంతు సవరించుకుని, "ఇంట్లో కత్తేమైనా ఉంటే ఇవ్వండి" అన్నాడు.

తీగ నరకడానికి వచ్చినవాడు కత్తి లేకుండా రావడమేమిటో! బాబాయి గారు చేతులు జోడించి, "వద్దండీ, మా అమ్మ తట్టుకోలేదండీ" అంటూనే లోపలికి పోయి ఆ వంకీ కత్తి తెచ్చిచ్చారు. అది అప్పుడే సాన పట్టి, నూనె రాసినట్టు తళతళ మెరుస్తోంది. జవాను నిచ్చెన ఎక్కాడు. ఆ నిచ్చెన కూడా ముందే పందిరికి ఆనించి ఉంది. బాబాయి గారు కింద నిలబడి వద్దండీ వద్దండీ అని బతిమాలుతున్నారు. అంత మాటకారికీ ఆవగింజంత నటన రాదని ఆ రోజే తెలిసింది. కాసేపటికి ఆయన బతిమాలడం ఇట్లా తయారైంది:

"వద్దండీ... అక్కడ వద్దండీ, ఇంకాస్త పైన... ఇంకో కన్ను వదలండీ, మీకు పుణ్యముంటుంది!"

మామ్మ గారి ఏడుపు ఒక్క క్షణం ఆగింది. ఆవిడ కొంగు తీసి కొడుకు వంక చూశారు. మళ్ళీ ఏడవడం మొదలుపెట్టారు.

జవాను వెళ్ళాక పెరడంతా వెలుతురు పడిపోయి బోసిగా ఉంది. నేను మిగిలిన మోళ్ళ దగ్గరికి పోయి చూశాను. ప్రతి కొమ్మకీ రెండు కళ్ళు మిగిలాయి. ప్రతి కోతా ఏటవాలుగా ఉంది. ప్రభుత్వం వారు జవాన్లకి ఇంత చక్కటి తరిఫీదు ఇస్తున్నందుకు ముచ్చటేసింది. మామ్మ గారు ఆ పూట అన్నం తిన్నారు. బాబాయి గారే తినలేదు.

సంక్రాంతికి చిగుళ్ళు బారెడయ్యాయి. చిగురు చిగురుకీ ఆకుపచ్చటి పూసల్లాంటి గుత్తులు. ఎండలు ముదిరేలోగా అవి ఎర్రబడి, నీలంగా మారి, నల్లబడి, పైన బూడిద రాసినట్టయ్యాయి. కాయ సరిగ్గా ఆయన వేళ్ళ మధ్య సున్నా అంతే ఉంది! అన్నేళ్ళు గాలిలో ఖాళీగా తిరిగిన ఆ సున్నాలో ఒక కాయ పెట్టి మా అందరికీ చూపించారు. మొదటి కాయ మామ్మ గారికి పెట్టారు. ఆవిడ నమిలి, కళ్ళు గట్టిగా మూసుకుని, "దీనికోసమా ఇంత రాద్ధాంతం!" అన్నారు.

వినగడప పిల్ల తండ్రి వచ్చాడు. వీధి వీధంతా వచ్చింది. తలా ఒక కాయ. ఆ రోజు మా కొట్టు ముందు చూడాలి ముఖాలు! ఒక్కడికీ మింగుడు పడలేదు. తోలు తెగదు, గింజలు పళ్ళకి తగులుతాయి, నాలుక బిగుసుకుపోతుంది. ఒక్కొక్కడు ఉమ్మినకొద్దీ బాబాయి గారి ముఖం వెలిగిపోయేది. జన్మలో ఏ రైతూ తన పంటని జనం ఉమ్మేస్తుంటే అంత సంతోషపడి ఉండడు. పిల్ల తండ్రి చాలాసేపు నమిలి, నోరు తుడుచుకుని, "ఇంత చేదు మొక్కని హైదరాబాదు నుంచి ఎవడూ పనిగట్టుకుని మోసుకు రాడులెండి. మీరు అక్కడికి పోయినట్టే" అని ముహూర్తం మాట ఎత్తాడు. మిగిలిన పళ్ళు మా అత్తగారు ఎండుమిరపకాయలేసి పచ్చడి నూరారు. కాబర్నేకి అంత మర్యాద ఫ్రాన్సులో కూడా దక్కి ఉండదు.

ఆ పెళ్ళయిన కొన్నాళ్ళకి నేను పుట్టింటికి పోయాను. విస్సన్నపేటలో నూజివీడు బస్సెక్కి కూర్చుంటే, చెవి మీద పెన్సిలూ చంకలో సంచీ పెట్టుకుని "టికెట్ టికెట్" అంటూ ప్రొహిబిషన్ జవాను గారు వచ్చారు! నన్ను చూసి ఆయన నోరు తెరుచుకుపోయింది.

"ఆ ఉద్యోగం మానేశారాండీ?" అన్నాను.

"ఊళ్ళో చెప్పకండమ్మా, మీకు దణ్ణం పెడతా" అన్నాడు పాపం. "డ్రైవరన్న వేపపుల్లల మీద నేర్పించాడండి. 'అమ్మ వద్దన్నది నా చేత్తో కొయ్యలేను, కొయ్యకపోతే అమ్మ కోరిన పెళ్ళి జరగదు' అని ఏడ్చాడండి. అమ్మగారు ఏడుస్తుంటే నాకు కత్తి సరిగ్గా ఆడలేదు. రెండు మూడు కోతలు నున్నగా పడలేదని ఇప్పటికీ తిడుతున్నాడు."

నేను ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక గోడ దగ్గర బాబాయి గారితో, "నూజివీడు బస్సులో మీ జవాను గారు కనబడ్డారు" అన్నాను. ఆయన వేలు నోటి మీద పెట్టుకుని, పందిరి వైపు భయంగా చూసి, లోపలికి పోయారు.

మళ్ళీ దీపావళి వచ్చి వెళ్ళింది. తీగ మళ్ళీ గుబురుగా కమ్ముకుంది. బాబాయి గారు రోజూ దాని కింద నిలబడి పైకి చూడడం, నిట్టూర్చి బస్సుకి పోవడం. ఒక మధ్యాహ్నం నేను గోడ మీద వడియాల పళ్ళెం పెడుతున్నాను. ఆయన అన్నం తింటున్నారు. మామ్మ గారు వడ్డిస్తూ, మామూలుగా కూర సంగతి అడిగినట్టు అడిగారు.

"ఏరా, పోయినేడు వచ్చాడే, ఆ ఖాకీ నిక్కరబ్బాయి, ఈ యేడు రాడా? తీగ ముదిరిపోతోంది."

బాబాయి గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఈసారి భోజనానికి ఉండమను. పోయినసారి మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపేశాం. కత్తికి నూనె రాసి గూట్లో పెట్టా."

"అమ్మా..." అన్నారాయన.

"నువ్వు మాత్రం కత్తి ముట్టుకోకు. నీ చేత్తో దాన్ని కొయ్యడం నేను చూడలేను. ఆ అబ్బాయొచ్చి కోసుకుంటాడు, నేనో కాసేపు ఏడ్చుకుంటాను. నువ్వు కింద నిలబడి సలహాలివ్వకుండా ఉంటే చాలు."

ఆయన కంచం ముందే తల వంచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మామ్మ గారు ఏమీ ఎరగనట్టు పప్పు వడ్డించారు. గోడకి ఇవతల నా వడియాలు కాకులు తినిపోయాయి.

అప్పటినుంచి దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆ కండక్టరు ఖాకీలో రావడం, "ప్రొహిబిషన్ తనిఖీ!" అని అరవడం, మామ్మ గారు పందిరి కింద కూర్చుని మనసారా ఏడవడం, తర్వాత అందరూ కలిసి భోంచేయడం ఆ ఇంటి ఆనవాయితీ అయింది. వినగడప నుంచి వచ్చిన కోడలే ఆయనకి వడ్డించేది. వీధి వాళ్ళకీ క్రమంగా అర్థమైంది గానీ, ఎవరూ పైకి అనలేదు. వంద కరక్కాయలు తినిపించిన మనిషి మీద తిరువూరు ఆ మాత్రం దయ చూపింది.

మామ్మ గారు పోయిన యేడు కండక్టరు రాలేదు. రమ్మని కబురు వెళ్ళలేదు. దీపావళి వెళ్ళాక ఒక మధ్యాహ్నం గోడ మీదుగా చూస్తే బాబాయి గారే నిచ్చెన మీద ఉన్నారు. వంకీ కత్తితో ఒక్కో కొమ్మా కోస్తున్నారు. రెండు కళ్ళు వదిలి, ఏటవాలుగా. కింద మంచం ఖాళీగా ఉంది. ఏడవడానికి ఎవరూ లేరు కదా, ఆ పని కూడా ఆయనే చేస్తున్నారు.